మౌత్‌పీస్ మీది గాట్లు

రంగశాల వెనక గది,
వానలు మొదలైన వారం

పళ్ళ పోలీసు వదినకి,

నీ ఆడపడుచు బూర బతికే ఉంది, రాస్తోంది. ఫోన్ చేస్తే మధ్యలో అన్నయ్య చెవి పెడతాడు. నువ్వు నాతో మాట్లాడేది సగం, ఆయనకి చెప్పేది సగం. కాగితం మీదైతే నాకు ఒక్కదానికే దొరుకుతావు.

ముందు పని మాట. మా డ్రమ్ములాయన మీ ఊరు మీదుగా వెళ్తుంటే ఈ ఉత్తరంతో పాటు ఓ చిన్న డబ్బా ఇచ్చి పంపాను. అందులో నా క్లారినెట్ మౌత్‌పీస్ ఉంది, అదే, నోట్లో పెట్టుకుని ఊదే నల్లటి ముక్క. పైభాగం చూడు, నా పై పళ్ళు ఆనీ ఆనీ రెండు గాట్లు పడ్డాయి. ఇన్నేళ్ళూ పళ్ళు వాటంతట అవే వెళ్ళి ఆ గాట్లలో కూర్చునేవి. ఇప్పుడు ఎలా పెట్టినా కుదిరి చావడం లేదు. పన్ను గాటు అంచెక్కుతుంది, ముక్క జారుతుంది, పైస్వరం కీచుమంటుంది. కొత్తది కొన్నాను, అదీ అంతే. రీడ్లు, ఊదితే అదిరే ఆ పల్చటి వెదురు రేకులు, మార్చాను. వాయిద్యాలు బాగుచేసే ఆయనతో పోట్లాడి వచ్చాను. చివరికి మా అన్నయ్యే దిక్కనిపించింది. గడియారాల్లో చీమ కాలంత ముక్కల్ని సరిచేసే మనిషికి ఇదొక లెక్కా? ఆ గాట్లు నునుపుగా అరగదీసి పంపమను. మళ్ళీ కొత్తగా పడనిస్తాను.

తొందరెందుకంటే, కొత్త నాటకంలో రెండో అంకానికి ముందు, తెర లేవకుండానే, చీకట్లో క్లారినెట్ ఒక్కటే వాయించాలి. ఒక్కటే వదినా! పక్కన వయొలిన్లు లేవు, వెనక డ్రమ్ములు లేవు. మా సంగీతం మాస్టారు అది నా ఊపిరి తెలిసే రాశానన్నాడు. ఇన్నేళ్ళు అందరి మధ్యా కూర్చుని ఊదినదాన్ని. ఇది వాయించాక ఇంకేమీ అడగను.

నేను బాగానే ఉన్నాను. కొంచెం చిక్కాను, అందరూ బాగున్నావంటున్నారు. దాహం మాత్రం ఎక్కువైంది, ఇంత వానలోనూ సీసాలకి సీసాలు నీళ్ళు తాగేస్తున్నాను. పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందని ముందు పళ్ళ జోలికి వెళ్ళడం మానేశాను, పుక్కిలించి ఊరుకుంటున్నాను. ఇది రాయకూడదనుకున్నాను, చెయ్యి జారింది. లాఠీ తియ్యకు.

నీ బూర

*

ఆసుపత్రి, రోగికీ రోగికీ మధ్య

బూరా,

లాఠీ తియ్యకు అంటే తియ్యకుండా ఉంటానా? డబ్బా చేరింది. మీ అన్నయ్య కంటికి భూతద్దం తగిలించుకుని, "దీన్ని ఏ ఎలక కొరికింది?" అన్నాడు. నీ చెల్లెలే అన్నాను. ముక్క ఇంకా బల్ల మీదే ఉంది. నా మాట విన్నాకే అరగదీత.

చిగురు నుంచి రక్తం వచ్చేది బ్రష్ గీసుకున్నందుకు కాదు. పంటి మొదట్లో పాచి చేరి, తియ్యకపోతే గట్టిపడి గార అవుతుంది. దాంతో పోట్లాడీ పోట్లాడీ చిగురు వాచిపోతుంది, ముట్టుకుంటే రక్తం కారుస్తుంది. అలాంటప్పుడు తోమడం మానేస్తే శత్రువుకి ఇల్లు రాసిచ్చినట్టే. మెత్తటి బ్రష్ తీసుకో. పన్నూ చిగురూ కలిసే చోట ఏటవాలుగా ఆనించి నెమ్మదిగా తోము. మొదట్లో రక్తం వస్తుంది, రానీ. పంటికీ పంటికీ మధ్య దారంతో తియ్యి. కానీ ఇప్పటికే గట్టిపడ్డ గార ఇంట్లో పోయేది కాదు, మాలాంటివాళ్ళు పరికరంతో తియ్యాలి. చిగురు వాపు దగ్గరే ఆగి ఉంటే ఏమీ కాదు, మునుపటిలా అయిపోతుంది. లోపల ఎముక దాకా వెళ్తే మాత్రం పోయిన ఎముక తిరిగి రాదు. ఆ తేడా నాకు ఉత్తరంలో కనపడదు, నీ నోరు చూడాలి.

అడిగినవాటికి నిజం చెప్పు. ముందు పళ్ళు పొడుగైనట్టు కనిపిస్తున్నాయా? నోరు వాసన వస్తోందా? నాలుకతో నెడితే ఏదైనా కదులుతోందా? దాహం, చిక్కిపోవడం అన్నావు, షుగర్ పరీక్ష చేయించుకున్నావా? షుగర్ ఉంటే చిగుళ్ళ జబ్బు రెండింతలు రెచ్చిపోతుంది. వీటన్నిటికీ కలిపి "అబ్బే" అని రాశావో, ఊరుకోను.

మీ వదిన

*

రంగశాల వెనక గది,
రిహార్సల్ అయ్యాక

వదినా,

అబ్బే.

నవ్వావా? నవ్వి ఉంటావు. నిజంగానే ఏమీ లేదు. మధ్యలో ఒక వైపు చిగురు కాస్త వాచింది, మందుల షాపతను ఏవో క్యాప్సూల్స్ ఇచ్చాడు, వాపు దిగిపోయింది. చీము లేదు, నొప్పి లేదు. నొప్పే లేనప్పుడు జబ్బేమిటి చెప్పు. పళ్ళు క్లీన్ చేయించుకోమని మాత్రం అడక్కు. మా ట్రంపెట్ ఆయన చేయించుకొచ్చాక పళ్ళన్నీ కదిలిపోయాయట, సందులు పడి గాలి పోతోందని మొత్తుకుంటున్నాడు. నాటకం నెత్తి మీద పెట్టుకుని నేను ఆ పని చేస్తానా?

ఇక్కడ కొత్తపిల్ల ఒకతె వచ్చింది, రెండో క్లారినెట్. నా పక్క కుర్చీ. నోట్లో పెట్టగానే స్వరం నిలబడుతుంది దానికి, ఒళ్ళు మండుతుంది. నేను సర్దుకునేలోపు మాస్టారు పుల్ల పట్టుకుని నిలబడి నా వైపు చూస్తుంటాడు. నిన్న "ఒంట్లో బాగుండటం లేదా?" అని అడిగాడు. మౌత్‌పీస్ పాడైంది, మా అన్నయ్య బాగుచేస్తున్నాడని చెప్పాను. కాబట్టి దయచేసి దాన్ని త్వరగా పంపించండి. నా పరువు మీ ఇంట్లో బల్ల మీద ఉంది.

షుగర్ గిగర్ ఏమీ లేదు. ఎండలు పోయి ఉక్కగా ఉంది, దాహం వెయ్యదా?

బూర

*

ఇల్లు, వంటింటి బల్ల

బూరా,

ఇది సరదా ఉత్తరం కాదు. కూర్చుని చదువు.

నా పెళ్ళైన కొత్తలో, ఇంకా చదువుకుంటున్న రోజుల్లో, అచ్చులు తియ్యడం నేర్చుకోవాలని ఇంట్లో అందరి నోళ్ళ మీదా పడ్డాను, గుర్తుందా? నీ నోరు కూడా అచ్చు తీశాను. పిండి గొంతులోకి జారుతోందని నా చెయ్యి కొరికావు. ఆ ప్లాస్టర్ పళ్ళు ఇప్పటికీ నా అల్మారా పైఅరలో ఉన్నాయి. ఇవాళ మీ అన్నయ్య ఆకురాయి తియ్యబోతుంటే ఆగమని, అచ్చు దింపి దుమ్ము దులిపి, నీ మౌత్‌పీస్ దానికి ఆనించాను.

సరిగ్గా కూర్చుంది. రెండు పళ్ళూ రెండు గాట్లలోకి తాళం పడ్డట్టు దిగాయి. అటూ ఇటూ కదిపి చూశాం, వెంట్రుక సందు లేదు. మీ అన్నయ్య భూతద్దం తీసేసి నా మొహం కేసి చూశాడు.

మౌత్‌పీస్ పాడవలేదమ్మాయ్. అది ఎక్కడున్నది అక్కడే ఉంది. నీ పళ్ళు జరిగాయి. చిగురు కింద ఎముక కరిగిపోతే పన్ను పట్టు తప్పి ముందుకు వాలుతుంది, పక్కదానికి దూరమవుతుంది. నొప్పి ఉండదు. ఈ జబ్బులో దరిద్రం అదే, అది నొప్పి పెట్టకుండా పని కానిచ్చేస్తుంది. క్యాప్సూల్స్‌తో వాపు దిగిందే గాని గార అక్కడే ఉంది, జబ్బూ అక్కడే ఉంది. ట్రంపెట్ ఆయన పళ్ళను కదిలించింది క్లీనింగ్ కాదు. అప్పటికే వదులైన పళ్ళని గార అంటిపెట్టుకుని ఉంది, అది తీశాక ఉన్నదేదో బయటపడింది.

రోజంతా ఆ వాలిన పళ్ళ మీద మౌత్‌పీస్ నొక్కి ఊదుతున్నావు. నువ్వే నీ చేత్తో వాటిని బయటికి తోసుకుంటున్నావు. వెంటనే బయల్దేరు. చిగురు కింద లోతుగా శుభ్రం చేస్తాను, పళ్ళని ఒకదానికొకటి కలిపి కడతాను, కొన్నాళ్ళు వాయించకూడదు. దక్కేవి దక్కుతాయి. ఆలస్యం చేస్తే ఆ మాట కూడా చెప్పలేను.

మౌత్‌పీస్ అరగదీయనివ్వలేదు. ఎలా ఉన్నది అలా పంపుతున్నాను.

వదిన

*

మేడ మీది గది

వదినా,

నీ ఉత్తరం చదివి కాసేపు అద్దం ముందు నిలబడ్డాను. నవ్వి చూసుకుంటే తెలిసింది. ముందు పళ్ళ మధ్య ఇంత సందు ఎప్పుడొచ్చిందో! నేను రోజూ మొహం కడుక్కునే అద్దమే కదా అది. నాలుకతో నెడితే నాలుగూ కదులుతాయి. కదులుతాయని నాకు తెలుసు. తెలియదని నీకు రాశాను.

చెప్పనివి ఇంకా ఉన్నాయి. మౌత్‌పీస్ మీద సైకిల్ ట్యూబు ముక్క కోసి అంటిస్తున్నాను, పన్ను అదరకుండా. అదీ చాలకపోతే పై పెదవి కూడా లోపలికి మడిచి పళ్ళకి మెత్తగా వేసి ఊదుతున్నాను. వాయించేముందు లవంగం నూనె రాస్తున్నాను. ఇన్ని చేస్తే ఆ ఒక్క పాట చివరిదాకా వస్తోంది. వస్తోంది వదినా, నిన్న వచ్చింది.

ఇప్పుడు రమ్మంటావు. వస్తే నా కుర్చీలో కొత్తపిల్ల కూర్చుంటుంది. కట్టు కట్టిన పళ్ళతో తిరిగొచ్చేసరికి ఆ పాట దానిదైపోయి ఉంటుంది. నాకు పెళ్ళా, పిల్లలా? అన్నయ్యకి గడియారాలున్నాయి, నీకు ఆసుపత్రి ఉంది, మీ ఇద్దరికీ ఒకరికొకరున్నారు. నాకున్నది నా నోట్లో ఉంది. నాటకం మొదలవనీ, కొన్నాళ్ళు ఆడనీ, నేనే వచ్చి నీ కుర్చీలో పడుకుంటాను. అప్పటిదాకా ఈ సంగతి ఎత్తకు. ఎత్తితే ఉత్తరం విప్పను.

బూర

*

ఆసుపత్రి

బూరా,

విప్పావంటే ఇంకా నా మీద నమ్మకం ఉన్నట్టే. నీ కోపం తర్వాత చూసుకుందాం. మీ ఊళ్ళో నాతో చదువుకున్నామె ఉంది, చిరునామా వెనక రాశాను. నా దగ్గరికి రానక్కర్లేదు, ఆమె దగ్గరికి వెళ్ళు. ముందు రక్తంలో షుగర్ చూపించుకో. బతిమాలుతున్నాను. వాయించడం మానమని ఈ ఒక్క ఉత్తరంలో అనను, ఇవి రెండూ చెయ్యి చాలు.

మీ అన్నయ్యకి అంతా చెప్పాను. అది విని బాగుచేసిన గడియారాన్నే మళ్ళీ విప్పుతూ కూర్చున్నాడు.

వదిన

*

మేడ మీది గది,
తలుపు వేసుకుని

వదినా,

అన్నయ్య ఫోన్ చేస్తున్నాడు. ఎత్తడం లేదు. ఎత్తితే నా మాట వింటాడు. స అంటే గాలి పోతోంది, త అంటే నాలుక బయటికొస్తోంది. అందుకని రాస్తున్నాను, ఆయనకి నువ్వే చదివి వినిపించు.

మొదటి ప్రదర్శనకి నిండా జనం. దీపాలార్పారు. నేను మొదలుపెట్టాను. బాగా వచ్చింది వదినా, నేనెప్పుడూ అంత బాగా వాయించలేదు, అది మాత్రం ఎవరొచ్చి కాదన్నా ఒప్పుకోను. చివర్లో స్వరం పైకెక్కి అక్కడే నిలబడాలి. ఎక్కింది. నిలబెడుతుండగా పన్ను వాలిపోయింది. విరగలేదు, నొప్పి లేదు, నువ్వన్నట్టే, ఊరికే అలా పడుకుంది. ట్యూబు ముక్క జారింది. నోటినిండా ఉప్పగా అయింది. ఊపిరి ఉంది, వేళ్ళున్నాయి, స్వరం లేదు.

ఆ చీకట్లో అది ఎంతసేపో నాకు తెలియదు. తర్వాత పక్క కుర్చీలోంచి అదే స్వరం లేచింది. నేను వదిలేసిన చోటే అందుకుని ఆ పిల్ల చివరిదాకా వాయించింది. తెర లేచింది. జనం చప్పట్లు కొట్టారు. ఎవరికీ ఏమీ తెలియలేదు. దాని మెడ మీద చెయ్యేసి థాంక్స్ చెప్పాల్సింది పోయి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చేశాను.

నువ్వు చెప్పిన ఆమె దగ్గరికి వెళ్ళాను, ఇప్పుడు. షుగర్ చాలా ఎక్కువగా ఉందట, ఎన్నాళ్ళనుంచో ఉండి ఉంటుందట. ఆమె మంచిది, నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ముందువి నాలుగూ దక్కవంది. నాలుగూ తీసేసింది. చేతికిమ్మంటే దూదిలో చుట్టి ఇచ్చింది. వాటికేం కాలేదు వదినా, ఒక్క పుచ్చు లేదు. పళ్ళు బాగానే ఉన్నాయి. వాటిని పట్టుకునేదే ఏమీ మిగల్లేదు.

నన్ను తీసుకెళ్ళమను అన్నయ్యని.

బూర

*

ఇల్లు, నువ్వు వెళ్ళిన మర్నాడు

బూరా,

నువ్వు పడుకున్న మంచం మీద దుప్పటి ఇంకా మడవలేదు. ఇక్కడున్నన్నాళ్ళూ నువ్వు మాట్లాడలేదు, నేను డాక్టర్లా తప్ప మాట్లాడలేకపోయాను. ఇప్పుడూ అదే చేస్తున్నాను, తిట్టుకో.

మిగతా పళ్ళకి చిగురు కింద శుభ్రం చేశాను. అవి నిలబడాలంటే రెండు పూటలా తోమడం, దారం, షుగర్ మందు, మూణ్ణెల్లకోసారి నా కుర్చీ. వీటిల్లో ఏ ఒక్కటి వదిలినా వెనకున్నవీ అదే దారి పడతాయి. స్క్రూ బిగించి పళ్ళు పెట్టకూడదా అని మీ అన్నయ్య రోజూ అడుగుతున్నాడు. బిగించడానికి కింద ఎముక ఉండాలి కదా.

కట్టుడు పళ్ళు ఆ పాత అచ్చు చూసి చేశాను. అదే వరస, అదే వంపు. నీ మౌత్‌పీస్ ఆనించి చూసుకుని గాట్లలో కూర్చునేదాకా అరగదీశాను. నా చేతనైంది అది. చాలదని చేస్తున్నప్పుడే తెలుసు. ఫోన్ ఎత్తవే అమ్మా.

వదిన

*

రంగశాల, కాగితాల గది

వదినా,

నువ్వు చేసిన పళ్ళు గాట్లలో కూర్చున్నాయి. సరిగ్గా కూర్చున్నాయి. ఆ మొదటి క్షణం ఎంత సంతోషపడ్డానో చెప్తే ఏడుస్తావు. తర్వాత ఊదాను. గాలికి పళ్ళ సెట్టు లేచింది. జిగురు పెట్టి నొక్కి మళ్ళీ ఊదాను. శబ్దం వచ్చింది గానీ, అది నాది కాదు.

ఇది నీకెప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సిన పని రాలేదు. క్లారినెట్‌ని మేం చెవులతో వినం. అదురు పళ్ళలోంచి ఎముకలోకి వెళ్ళి తలంతా నిండుతుంది. ఇప్పుడు ప్లాస్టిక్ దగ్గరే ఆగిపోతోంది. పక్కింట్లో ఎవరో వాయిస్తుంటే గోడ ఇవతల నుంచి విన్నట్టుంది. నోట్లో పెట్టుకున్నది నేనే, విననిదీ నేనే. నా ఎముక కరిగిందన్నావు చూడు, ఇన్నేళ్ళు నేను పాట విన్నది దాంతోనే.

కుర్చీ వదిలేశాను. మాస్టారు జాలిపడి కాగితాల గది ఇచ్చాడు. ఎవరి స్వరాల కాగితాలు వాళ్ళ స్టాండు మీద పెట్టడం, అయ్యాక ఏరి సర్దడం. ఆ పాట మొదలయ్యేసరికి పెరటి మెట్ల మీదికి వెళ్ళి చెవులు మూసుకుంటాను. పొద్దున్నే లేవడానికి కారణం కనపడటం లేదు. లేచి పళ్ళు తోముకుంటున్నాను, నువ్వు చెప్పావని.

ఇంకొకటి. కొత్తపిల్ల ఇప్పుడు నా కుర్చీలో కూర్చుంటోంది. పోయిన వారం కాగితాలు ఏరుతుంటే దాని రీడ్ స్టాండు మీద ఆరబెట్టి ఉంది. తెల్లటి రీడ్ మీద ఎర్రటి చార. ఆ పిల్ల నవ్వుతూ, "ఈ రీడ్ల అంచులు బాగాలేవక్కా, చిగుళ్ళు కోసేస్తున్నాయి. నాలుగు రకాలు మార్చాను, అయినా అంతే" అంది.

నేనేమన్నానో తెలుసా? "అవును, ఈసారి రీడ్లు సరిగ్గా రాలేదు" అన్నాను. అని కాగితాలు తీసుకుని వచ్చేశాను. నా పాట నిలబెట్టిన పిల్ల అది. వారమైంది. రోజూ చూస్తున్నాను. రోజూ ఏమీ అనడం లేదు.

బూర

*

ఆసుపత్రి

బూరా,

మీ అన్నయ్యకి ఈ ఉత్తరం చదివి వినిపించలేదు. నాకు నీ మీద కోపం రాలేదు, రావాలని చాలాసేపు చూశాను. నీ చోట ఉంటే నేనేం చేసేదాన్నో నాకే తెలియదు.

ఒక్క మాట రాసి ఆపుతాను. నువ్వు మౌత్‌పీస్ పాడైందన్నప్పుడు, కాదని చెప్పడానికి నా అల్మారాలో నీ అచ్చుంది. అప్పటికే ఆలస్యమైంది, అయినా ఉంది. ఆ పిల్ల రీడ్ బాగాలేదంటోంది. కాదని చెప్పగలిగింది నువ్వొక్కదానివే. దానికి ఇంకా చిగురు దగ్గరే ఉందేమో. ఉంటే మొత్తం వెనక్కి వస్తుంది.

వదిన

*

రంగశాల మెట్ల మీద

వదినా,

ఈ ఉత్తరం తెచ్చిచ్చిన పిల్ల ఎవరో చెప్పనక్కర్లేదు. దాని నోరు చూడు. షుగర్ కూడా చూడు.

చెప్తే నమ్మలేదు, రీడ్లే అంది. నేను కూడా అలాగే అన్నాను కదా, ఇంకేం వాదిస్తాను. కాగితాల గదిలోకి పిలిచి తలుపేసి, కట్టుడు పళ్ళు తీసి బల్ల మీద పెట్టాను. పక్కన మౌత్‌పీస్ పెట్టాను. ఆ పక్కన దూదిలోని నాలుగు పళ్ళు. బోసి నోటితో మొత్తం చెప్పాను, సగం మాటలు గాలికే పోయాయి, అయినా దానికి అర్థమయ్యాయి. ఏడ్చింది. ఎందుకేడుస్తావే, నీవి ఇంకా నోట్లోనే ఉన్నాయి కదా అన్నాను. టిక్కెట్ నేనే కొని బస్సెక్కించాను.

నాకేదో మంచితనం పుట్టుకొచ్చిందని అన్నయ్యకి చెప్పకు. అది బస్సెక్కి వెళ్తుంటే కూడా, దాని పళ్ళ కేసి చూస్తూనే ఉన్నాను. ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. కానీ ఆ పాటకి ఎవరిదో ఒకరి నోరు కావాలి.

దాని అచ్చు కూడా ఒకటి తీసి నా దాని పక్కన పెట్టు. చెయ్యి కొరుకుతుంది, చూసుకో.

అంతా అయ్యాక, చిగుళ్ళు మానాక, క్లారినెట్ వెంట తెచ్చుకుంది కాబట్టి, ఆ పాట నీ ముందు ఒక్కసారి వాయించమను. అన్నయ్యని కూడా కూర్చోబెట్టు. పక్క గదిలో ఉండి కాదు, దగ్గరగా కూర్చుని వినండి. నేను వినలేను. ఎలా ఉందో నాకు రాయి.

బూర